అక్కా, నేను కూడా ఆ జోకర్‌లాంటివాడినేనా?

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. సాయంత్రాలు ఒక నాటక బృందంలో వేషాలు వేస్తుంటాను. మా బృందంలో హీరోగా వేసే అతను, హీరోయిన్‌గా వేసే అమ్మాయి ఏడాదిన్నరగా ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నారు. పెళ్లి చేసుకోలేదు. అతను తాగి ఆమెను కొడతాడు. చెంప మీద కమిలిన మచ్చ కనపడకుండా ఆమె మేకప్ పూసుకోవడం రెండుసార్లు చూశాను. ఆమె అంటే నాకు ఇష్టం. ఆమె కూడా నాతోనే మనసు విప్పి మాట్లాడుతుంది, మళ్లీ అతని బండి ఎక్కే ఇంటికి వెళ్తుంది. నాటకంలో కూడా నాది అతని చేతిలో తన్నులు తిని జనాన్ని నవ్వించే పాత్రే. పోయిన వారం ఒక ఫ్రెండ్ ‘ది లాస్ట్ సర్కస్’ అనే స్పానిష్ సినిమా చూపించాడు. అప్పటినుంచి సరిగ్గా నిద్ర లేదు. అందులో జావియర్‌లో నన్ను నేను చూసుకున్నట్టుంది. వచ్చే ఆదివారం రిహార్సల్‌లో అందరి ముందూ వాణ్ని నిలదీయాలని, అవసరమైతే చెయ్యి చేసుకోవాలని అనుకుంటున్నాను. ఆ సినిమా ముందుగా ఆమెకు చూపిస్తే కళ్లు తెరుచుకుంటాయేమోనని కూడా ఉంది. నేను అనుకునేది తప్పా? ఇంకొకటి, సినిమాలో థియేటర్ తెర మీద జోకర్ వేషంలో ఒకాయన పాడతాడు, అది ఏ పాట?

జవాబు: తమ్ముడూ, ముందు ఆదివారం సంగతి తేల్చేద్దాం, అది తలుచుకుంటే నాకే టెన్షన్‌గా ఉంది. రిహార్సల్‌కి వెళ్లు. డైలాగులు చెప్పు, నాటకంలో తినాల్సిన తన్నులు తిను, ఇంటికి వచ్చెయ్. ఎవరినీ నిలదీయకు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

(మిగతా పాఠకులకు ఒక మాట: కింద ఆ సినిమా కథంతా ముగింపుతో సహా చెప్పేస్తున్నాను. చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.)

ఆ సినిమా నేనూ చూశాను. ఒక్క విడతలో కాదు. ఇస్త్రీపెట్టె సీన్ దగ్గర టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లి పప్పు తాలింపు పెట్టుకున్నాను. మిగతాది మర్నాడు పట్టపగలు, కిటికీలన్నీ తెరిచి పెట్టుకుని చూశాను. కాబట్టి నిద్ర పట్టడం లేదంటే నేనేమీ ఆశ్చర్యపోను. అలెక్స్ దె లా ఇగ్లేసియా 2010లో తీసిన సినిమా అది. వెనిస్ చిత్రోత్సవంలో క్వెంటిన్ టరంటినో అధ్యక్షుడిగా ఉన్న జ్యూరీ దానికి ఉత్తమ దర్శకుడి బహుమతీ, స్క్రీన్‌ప్లే బహుమతీ రెండూ ఇచ్చింది. సొంత దేశంలో గోయా అవార్డులకు 15 నామినేషన్లు వచ్చినా, చివరికి దక్కినవి మేకప్‌కి ఒకటి, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఒకటి. అంటే అక్కడివాళ్లకి కూడా అది అంత తేలిగ్గా గొంతు దిగలేదన్నమాట. అందులో ఏడుపు జోకర్ జావియర్, పిల్లల్ని నవ్వించే పెద్ద జోకర్ సెర్జియో, సెర్జియో చేతిలో దెబ్బలు తినే అమ్మాయి నటాలియా. స్పానిష్ పలుకుబడిలో హవియెర్, సెర్హియో అనాలి గానీ, మనం జావియర్, సెర్జియో అనుకుందాం.

నీకు అందులో ఒక అమ్మాయి, ఇద్దరు మగవాళ్లు కనపడ్డారు. నీ మనసంతా అక్కడే ఉంది కాబట్టి అదే కనపడుతుంది. కానీ జావియర్ కథ ఆ అమ్మాయితో మొదలు కాలేదు. సినిమా మొదలయ్యేది 1937లో, అంతర్యుద్ధం నడుస్తున్న మాడ్రిడ్‌లో. సర్కస్ ఆట మధ్యలో ప్రభుత్వ పక్షం మిలీషియావాళ్లు లోపలికొచ్చి, జోకర్లని కూడా వదలకుండా యుద్ధానికి లాక్కుపోతారు. జావియర్ తండ్రి ఆడవేషం, విగ్గు కూడా తీయకుండానే పొడుగాటి కత్తి పట్టుకుని, ప్రభుత్వం మీద తిరగబడ్డ సేనాని ఫ్రాంకో సైనికుల మీద పడతాడు. తర్వాత ఫ్రాంకో గెలిచాడు. ఆ తండ్రి ఖైదీ అయి, కొండ తొలిచే పనిలో పడ్డాడు.

ఆ కొండ కల్పన కాదు. మాడ్రిడ్‌కి దగ్గర్లో ఫ్రాంకో కట్టించిన ‘వయ్యె దె లోస్ కాయీదోస్’, అంటే యుద్ధంలో నేలకొరిగినవారి లోయ. పని 1940లో మొదలుపెట్టి 1959లో ప్రారంభోత్సవం చేశారు. ఓడిపోయిన పక్షం ఖైదీల చేత అక్కడ రాళ్లు మోయించారు. కొండ లోపల చర్చి, పైన 150 మీటర్ల శిలువ. రెండు పక్షాలకీ చెందిన 33 వేలమందికి పైగా అక్కడ పూడ్చారు, చాలామంది ఇంటివాళ్లని ఒక్క మాట కూడా అడగకుండా. ఫ్రాంకోనీ 1975లో అక్కడే పాతిపెట్టి, 2019 అక్టోబరులో బయటికి తీసి వేరేచోటికి మార్చారు. సినిమా చివర వాళ్లు ముగ్గురూ ఎక్కేది ఆ శిలువే. అది ఊరికే ఎత్తుగా ఉందని పెట్టిన సెట్టింగు కాదు. కొడుకు తండ్రిని విడిపించబోయి, కళ్లముందే పోగొట్టుకున్న చోటు అదే.

జైల్లో ఉండగా తండ్రి ఏం చెప్పాడో గుర్తుందా? నువ్వు చిన్నప్పుడే చాలా చూశావు, ఇక నువ్వు నవ్వించే జోకర్‌వి కాలేవు, ఏడుపు జోకర్‌వే అవుతావు, నీ బాధ తీరాలంటే పగ ఒక్కటే దారి అంటాడు. ఆ పిల్లాడికి తండ్రి రాసిచ్చిన ఆస్తి ఆ రెండే. 1973లో ఆ ఆస్తితోనే సర్కస్‌లో ఉద్యోగం అడగడానికి వస్తాడు. జోకర్ ఎందుకయ్యావని సెర్జియోని అడిగితే, కాకపోయుంటే హంతకుణ్ని అయ్యేవాణ్ని అంటాడు. జావియర్ నేనూ అంతే అంటాడు. నటాలియా ఇంకా సీన్లో లేదు చూడు. ఇద్దరూ ఒకేలాంటివాళ్లని దర్శకుడు ముందే చెప్పేశాడు.

అదే ఏడాది డిసెంబరు 20న మాడ్రిడ్ నడివీధిలో ప్రధాని కరేరో బ్లాంకో కారు కింద బాంబు పేలింది. ఈటీఏ అనే బాస్క్ వేర్పాటువాద సంస్థవాళ్లు రోడ్డు కింద సొరంగం తవ్వి మందుపాతర పెట్టారు. కారు ఎగిరి, పక్కనున్న భవనం పైనుంచి అవతల పడింది. ఇదీ నిజంగా జరిగిందే. సినిమాలో ఆ బాంబు పెట్టినవాళ్లు ఎదురుపడితే జావియర్ మీది ఏ సర్కస్ అని అడుగుతాడు. సినిమా మొత్తంలో నేను నవ్వింది అక్కడొక్కచోటే, నవ్వినందుకు సిగ్గుపడ్డాను కూడా.

అందుకే చాలామంది విమర్శకులు ఆ ఇద్దరు జోకర్లూ రెండు ముక్కలైన స్పెయిన్ అని, మధ్యలో నలిగిన నటాలియా ఆ దేశం అని రాశారు. కాదనను. కానీ ఆ వివరణ నాకు కాస్త చిరాకు. ఆడమనిషిని దేశం చేసేశాక ఇక ఆమెను నీకేం కావాలమ్మా అని అడిగే పని తప్పిపోతుంది. మనమూ తక్కువేం కాదు, పటం గీసి దండ వేసి తల్లీ అనేస్తాం. సినిమాలో కూడా అదే జరిగింది. సెర్జియో అడగడు, అతనికి ఆ అలవాటే లేదు. జావియర్ కూడా అడగడు. నువ్వు ఆలోచించాల్సింది ఈ రెండో ముక్క గురించి.

మన తోలుబొమ్మలాటలో కూడా బంగారక్క చుట్టూ కేతిగాడు, జుట్టు పోలిగాడు కలిసి బోలెడు గొడవ చేస్తారు. తన్నులుంటాయి, బూతులుంటాయి. కానీ బంగారక్కకి నోరుంది. ఇద్దరికీ కలిపి వాయించేస్తుంది, జనం విరగబడి నవ్వేది అందుకే. నటాలియాకి ఆ నోరు ఇవ్వలేదు. ఆ సినిమా మీద నా ఫిర్యాదు ఏదైనా ఉందంటే ఇదొక్కటే, రక్తం గురించి కాదు.

ఇప్పుడు నువ్వు జావియర్‌వా అన్న ప్రశ్న. ఇంకా కాలేదు. ఉత్తరం రాశావు కదా, అతను ఎవరికీ రాయలేదు. కానీ అతను ఏ మెట్టు దగ్గర జారాడో చూసుకో. ట్రంపెట్ తీసుకుని సెర్జియో ముఖం చితక్కొట్టినప్పుడని అందరూ అంటారు. అప్పటికి ఆలస్యమైపోయింది. అంతకు ముందే, ఆమె మంచి మాట చెప్పే మనిషి కోసం తన దగ్గరికి వస్తే, అతను దాన్ని ‘నన్ను కాపాడు’ అని విన్నాడు. ఆ తేడా చిన్నదే, కానీ మిగతా సినిమా అంతా దానిమీదే నడిచింది. ఆ దెబ్బతో ఏమైంది? సెర్జియో ముఖాన్ని పశువుల డాక్టరు కుట్టాడు, అతను రాక్షసుడిలా తయారయ్యాడు. సర్కస్ మూతబడింది, ఆమె ఉద్యోగం పోయింది. జావియర్ అడవిలో జంతువులా బతికి, కాస్టిక్ సోడాతో, కాలే ఇస్త్రీపెట్టెతో తన ముఖం తనే కాల్చుకుని ఎప్పటికీ చెరగని జోకర్ వేషం వేసుకున్నాడు. తర్వాత ఆమెను ప్రేమ పేరుతో ఎత్తుకెళ్లి ఆ కొండ కింద పుర్రెల మధ్య దాచాడు. అప్పుడు ఆమె కళ్లల్లో భయం చూశావా? సెర్జియోని చూసినప్పటి భయమే, ఏమీ మారలేదు. చివరికి ఆమె శిలువ మీదినుంచి పడి చనిపోయింది. పోలీసు వ్యానులో ఎదురెదురుగా కూర్చున్న వాళ్లిద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు నాకు.

నిన్ను భయపెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. నిలదీయడం గురించి నాకున్న భయం సినిమాల్లోంచి వచ్చింది కాదు. చాలా ఏళ్ల కిందట మేము అద్దెకున్న వాటాల ఇంట్లో పక్క వాటా అతను భార్యని కొట్టేవాడు. గోడ పల్చన, అన్నీ వినపడేవి. ఒక రోజు నేనే పోరుపెట్టి మా ఆయన్నీ, మేడ మీద అబ్బాయినీ పంపించాను. గుమ్మంలో నిలబెట్టి నలుగురూ వినేలా గట్టిగా చీవాట్లు పెట్టారు. అతను తల వంచుకుని విన్నాడు, ఇంకెప్పుడూ చేయనన్నాడు. ఆ రాత్రి గోడ అవతల చప్పుడు లేదు. నోట్లో గుడ్డ కుక్కి కొట్టాడని రెండు రోజుల తర్వాత పనమ్మాయి చెప్పింది. ఆ నెలాఖరుకి వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. ఆమె ఎక్కడికి వెళ్లిందో, ఎలా ఉందో తెలియదు. చీవాట్లు పెట్టడానికి ముందు ఆమెను ఒక్కసారైనా పిలిచి, ఏం చేయమంటావు అని నేను అడగలేదు. అడగాలని తట్టనే లేదు. మేము పరువుగా, ధైర్యంగా ప్రవర్తించామనే అనుకున్నాం.

నువ్వు ఆదివారం పదిమందిలో అతని పరువు తీస్తే, ఆ లెక్క అతను తేల్చుకునేది నీతో కాదు. ఫ్లాట్ తలుపు మూశాక ఆమెతో తేల్చుకుంటాడు. పైగా ఆమె నీతో మనసు విప్పి మాట్లాడుతుందన్న సంగతి కూడా ఆ రోజే అతనికి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆ మాటలూ ఉండవు.

మరి ఏం చేయాలి? ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడు. ఫోన్‌లో మెసేజ్ పెట్టకు, అతను ఫోన్ చూసే రకమై ఉండొచ్చు. ‘దెబ్బలు చూశాను. నీ తప్పు కాదు. నువ్వు ఏం చేయాలనుకుంటే దానికి తోడుంటాను, ఏమీ వద్దన్నా సరే’ అని చెప్పు, అంతే. అతన్ని తిట్టకు. తిడితే ఆమె అతని తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సి వస్తుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. ఆమె ‘అలాంటిదేం లేదు’ అని కొట్టిపారేయొచ్చు, మొదటిసారి చాలామంది అంతే అంటారు. సరే అని ఊరుకో, కానీ నెల తర్వాత కూడా అదే మనిషిగా అక్కడే ఉండు. మళ్లీ అతని బండి ఎందుకెక్కుతుంది అని లోపల్లోపల కోపం తెచ్చుకోకు. వదిలి వెళ్లే సమయంలోనే ఇలాంటి మగవాళ్లు ఎక్కువ ప్రమాదం. ఎప్పుడు దిగాలో, ఎలా దిగాలో ఆమెకు నీకంటే బాగా తెలుసు.

ఆమె అడిగితే చెప్పడానికి కొన్ని సంగతులు నీ దగ్గర సిద్ధంగా పెట్టుకో. 181 మహిళా హెల్ప్‌లైన్ ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి, అక్కడ కౌన్సెలింగ్, లాయర్ సలహా, కొన్ని రోజులు ఉండటానికి చోటు ఉంటాయి. పెళ్లి కాలేదు కాబట్టి చట్టం వర్తించదని ఆమె అనుకుంటూ ఉండొచ్చు. 2005 గృహహింస చట్టం భార్యాభర్తల్లా కలిసి ఉంటున్నవాళ్లకి కూడా వర్తిస్తుంది. అతను దగ్గరికి రాకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ చట్టం ప్రకారం హింస జరుగుతోందని తెలిసినవాళ్లు ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినందుకు వాళ్ల మీద కేసు రాదు. అంటే నీకూ ఆ దారి ఉంది, కానీ ఆమెకు తెలియకుండా ఆ పని చేయకు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకు, వెంటనే 112కి ఫోన్ చెయ్. ఆధార్, సర్టిఫికెట్లు, కొంచెం డబ్బు ఇంకెవరి ఇంట్లోనైనా ఉంచుకోవడం మంచిదని ఆమెకు చెప్పొచ్చు. ఆ ఇల్లు నీది కాకపోతే ఇంకా మంచిది, స్నేహితురాలిదో, పిన్నిదో అయితే సరి. నీ ఇంట్లోనే పెట్టమంటే అది సాయమో ఇంకేమిటో నీకే తేడా తెలియకుండా పోతుంది.

ఇంకో పని ఉంది, ఇది నీకు కష్టమే. సినిమాలో సెర్జియో భోజనాల బల్ల దగ్గర చచ్చిన పసిబిడ్డ మీద జోకు వేస్తాడు కదా. అందరూ పగలబడి నవ్వుతారు. జోకు బాగుండి కాదు, అతని వల్లే టికెట్లు తెగుతున్నాయి కాబట్టి. పిల్లలకు అతనంటే ప్రాణం. అతను ఆమెను కొడతాడని ఆ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. మీ బృందంలో ఎంతమందికి తెలుసు? నీకొక్కడికే కనపడిందంటే నేను నమ్మను. మేకప్ డబ్బా ఎవరి చేతిలోంచి వచ్చింది? మీ దర్శకుడికి, సీనియర్లకి తెలిసే ఉంటుంది, హీరో పోతే షోలు పోతాయని ఊరుకుని ఉంటారు. ఆమె సరేనంటే వాళ్లలో ఒకరిద్దరితో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లతో మాట్లాడు. రిహార్సల్ తర్వాత ఆమె ఒంటరిగా మిగలకుండా చూసే నలుగురు ఉంటే, నీ చెయ్యి కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. ఆ బల్ల దగ్గర నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడికి తన్నులే దక్కాయి. ముగ్గురు నవ్వకపోయి ఉంటే ఏమయ్యేదో.

సినిమా ఆమెకు చూపించాలన్న ఆలోచన మాత్రం ఇప్పుడే మానెయ్. రాత్రి దెబ్బలు తిన్న మనిషిని కూర్చోబెట్టి, దెబ్బలు తిన్న అమ్మాయి చివరికి శిలువ మీదినుంచి పడి చావడం చూపిస్తే ఏం తెరుచుకుంటుంది? ఆమెకు తన పరిస్థితి తెలియక కాదు అక్కడుండటం.

నీ ప్రేమ సంగతి అడగలేదు, కానీ ఉత్తరం నిండా అదే ఉంది. ఇప్పుడు చెప్పకు. ఆమె ఆ ఫ్లాట్‌లోంచి బయటపడి, సొంతంగా గది తీసుకుని, కొన్ని నెలలు కంటి నిండా నిద్రపోయాక చెప్పు. అప్పుడు ఆమె వద్దంటే? ఆ జవాబు నువ్వు తట్టుకోగలవా అన్నది ఇప్పుడే ఆలోచించుకో. తట్టుకోలేననిపిస్తే, సాయం చేసే పని మీ బృందంలో వేరేవాళ్లకి అప్పగించి నువ్వు పక్కకి తప్పుకో, అందులో నామోషీ ఏమీ లేదు. ఈ లోపల నిద్ర లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్ని కలువు. చెయ్యి చేసుకోవాలన్న ఊహ పదే పదే వస్తోందని కూడా దాచకుండా చెప్పు.

ఇక పాట. పాడినాయన రఫాయెల్, స్పెయిన్‌లో పెద్ద గాయకుడు. 1970లో వచ్చిన ‘సిన్ ఉన్ అదియోస్’ అనే సినిమాలో జోకర్ వేషంలో పాడాడు, నువ్వు చూసింది ఆ పాత సినిమా ముక్కే. మన సినిమాకి స్పానిష్ పేరు ‘బలాదా త్రిస్తె దె త్రొంపేతా’ ఆ పాట నుంచి వచ్చిందే, విషాదపు ట్రంపెట్ పాట అని అర్థం. బాణీ అంతకు ముందు ఇటలీలో నీనీ రోస్సో అనే ట్రంపెట్ కళాకారుడు వాయించింది. ఆయన వాయించినది మాటల్లేకుండా దొరుకుతుంది, అది విను. రఫాయెల్‌ది మాత్రం రాత్రిపూట వద్దు.